ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లలు తామే వెతికి నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చిన్న తరగతులకు చెప్పే టీచర్ని నేను. ఈ ప్రశ్నల్లో కొన్ని చుట్టుపక్కల బడుల టీచర్లం కలుసుకునే కాంప్లెక్స్ మీటింగుల్లో తోటి టీచర్లు అడిగినవి. కొన్ని పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు బడి గుమ్మంలో నిలబడి అడిగినవి. ఒకటి రెండు నాకు నేనే వేసుకున్నవి. కొన్ని జవాబులు చిన్నవి, కొన్నింటి దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను.

అన్వేషణ ద్వారా నేర్చుకోవడం అంటే ఏమిటి?

పిల్లలకు ఒక ప్రశ్న దొరుకుతుంది. ఏం జరుగుతుందో ముందు ఊహించి చెబుతారు. తర్వాత చూస్తారు, కొలుస్తారు, పెద్దవాళ్లను అడుగుతారు, బొమ్మ గీసుకుంటారు. చివరికి "మాకు ఇలా తేలింది, ఎందుకంటే మేం ఇది చూశాం" అని చెబుతారు. రెండో తరగతి పిల్ల నోట ఆ "ఎందుకంటే" వినడం కోసమే ఈ శ్రమంతా. మొదట్లో "ఎందుకంటే టీచర్ చెప్పారు" అంటారు. కొన్ని నెలలకు "ఎందుకంటే నేను చూశాను" అంటారు.

బడుల్లో ఇప్పటికే కృత్యాలు చేయిస్తున్నాం కదా, మరి తేడా ఏమిటి?

తడి దూదిలో పెసలు వేసి మొలకెత్తించడం అందరం చేయించే కృత్యమే. ఏం చేయాలో టీచర్ చెబుతారు, పిల్లలందరూ అదే చేస్తారు, అందరికీ అదే వస్తుంది. అది మంచి కృత్యం. దాన్ని తక్కువ చేయను.

ఒకసారి ఒక అబ్బాయి "నీళ్లు ఎక్కువ పోస్తే తొందరగా మొలుస్తాయా టీచర్?" అన్నాడు. "పోయకు, కుళ్లిపోతాయి" అని నోటి దాకా వచ్చింది. ఆపుకుని ఇంకో గిన్నె ఇచ్చాను. దూదిలోవి చక్కగా మొలిచాయి. నిండా నీళ్లలో మునిగినవి రెండు రోజులకు వాసన కొట్టాయి. "గింజకి కూడా ఊపిరి ఆడలేదేమో" అని ఇంకో పిల్ల అంది. నేను చెప్పి ఉంటే వాళ్లు విని ఊరుకునేవారు. కృత్యం అన్వేషణ అయింది ఆ రెండో గిన్నె దగ్గరే.

ఇది విదేశాల నుంచి వచ్చిన పద్ధతా? మన బడులకు సరిపోతుందా?

అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగోలో తన ప్రయోగశాల పాఠశాల తెరిచిన మాట నిజమే. కానీ మన దేశంలోనూ దీనికి పాత వేళ్లున్నాయి. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టి చిన్నపిల్లల చదువును పరిశీలనతో, కథతో, స్వేచ్ఛతో నడిపారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం పల్లెటూరి మిడిల్ స్కూలు పిల్లల చేత ప్రయోగాలు చేయించింది. 2002 దాకా, అంటే 30 ఏళ్లు నడిచింది.

మన దగ్గర 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని సీనియర్ టీచర్లు ఇప్పటికీ "ఆపెప్" అని గుర్తు చేసుకుంటారు. దానికి ఆరు సూత్రాలు ఉండేవి. చేస్తూ, కనుగొంటూ, ప్రయోగం చేస్తూ నేర్చుకోవడం అందులో ఒకటి. స్థానిక పరిసరాలను వాడుకోవడం మరొకటి. పిల్లలు చేసినవాటిని తరగతి గోడల మీద ప్రదర్శించాలని కూడా అందులో ఉంది. మా బడిలో పాత బీరువా వెనక దారాలు కట్టే మేకుల వరస చూసినప్పుడల్లా, ఒకప్పుడు ఇక్కడ పిల్లల బొమ్మలు వేలాడేవని గుర్తొస్తుంది.

ఇక చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు కృత్యాలు, ఆవిష్కరణ, అన్వేషణల ద్వారా నేర్చుకోవాలని స్పష్టంగా చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆ మాటనే బలపరిచింది. కాబట్టి ఎవరైనా "ఇవన్నీ ఎవరు చేయమన్నారు?" అంటే ధైర్యంగా జవాబు చెప్పవచ్చు.

ఆరేడేళ్ల పిల్లలు ఇంత ఆలోచిస్తారా?

ఆలోచిస్తారు. అయితే పెద్దవాళ్లలా కాదు. ఒకేసారి రెండు మూడు సంగతులు మారితే గందరగోళ పడతారు, అందుకే ఒకసారికి ఒక్కటే మార్చాలి. చేతికి అందేది, కంటికి కనబడేది, ఒకటి రెండు రోజుల్లో తేలేది అయి ఉండాలి. "భూమి ఎలా పుట్టింది?" అని పిల్లలు అడుగుతారు, అది గొప్ప ప్రశ్నే, కానీ వాళ్లు వెతికి తేల్చగలిగింది కాదు. దానికి కథలా జవాబు చెప్పాలి. "చీమలు వరసలోనే ఎందుకు పోతాయి?" అన్నది వాళ్లు పట్టుకోగల ప్రశ్న. వరస మధ్యలో వేలితో నేల తుడిచి చూస్తే చాలు, చీమలు తడబడతాయి, వెతుక్కుంటాయి. అవి వాసన దారి వేసుకుంటూ పోతాయని అప్పుడు చెబితే పిల్లల మనసులో నిలుస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతారా? ఒకే ప్రశ్న అన్ని సబ్జెక్టుల్లోకి ఎలా వెళుతుంది?

మా రెండో తరగతిలో జూన్ చివర్లో జరిగింది చెబుతాను. ఒక పాప బాక్సులో పెరుగన్నం తెచ్చుకుంది. పక్కమ్మాయి "పెరుగు ఎక్కడ నుంచి వస్తుంది?" అంది. "ప్యాకెట్‌లోంచి" అని ఒకరు, "పాలు పాడైపోతే పెరుగవుతుంది" అని ఇంకొకరు. మూడో వాడు "మా అమ్మమ్మ చేమిరి వేస్తుంది" అన్నాడు. చేమిరి అంటే పాలలో వేసే తోడు. అప్పటిదాకా చాలామంది ఆ మాటే వినలేదు.

మరుసటి రోజు మూడు స్టీలు గ్లాసులు పెట్టాం. పాలు నేనే ఇంట్లో కాచి తెచ్చాను. మొదటి గ్లాసులో గోరువెచ్చటి పాలు, ఒక చెంచా తోడు. రెండోదానిలో ఫ్రిజ్‌లో చల్లారిన పాలు, ఒక చెంచా తోడు. మూడోదానిలో గోరువెచ్చటి పాలు, తోడు లేదు. ఈ పాలు ఎవరూ తాగకూడదని ముందే అనుకున్నాం. ఏది పెరుగవుతుందో పిల్లలు పలకల మీద బొమ్మ వేసి చూపించారు. ఎక్కువమంది మొదటిదే అన్నారు.

పొద్దున చూస్తే మొదటిది గట్టిగా తోడుకుంది. మూడోది తోడుకోలేదు. కానీ రెండోది కూడా తోడుకుంది! నాకు కాస్త కంగారు వేసింది. చల్లటి పాలలో తోడుకోవడం ఆలస్యమవుతుందని చెప్పాలని నేను ముందే పాఠం రాసుకున్నాను. పిల్లలు మాత్రం సంతోషపడ్డారు, ఎందుకంటే టీచర్ అనుకున్నది తప్పిపోయింది. నేను వివరించబోయి ఆగాను. "ఎందుకిలా అయింది?" అని వాళ్లనే అడిగాను.

ఒక పిల్ల "మనం రాత్రంతా చూడలేదు కదా టీచర్" అంది. అదీ సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు జూన్ ఎండల్లో తరగతి గదిలో మెల్లగా వెచ్చబడ్డాయి. పొద్దున్నే చూసేసరికి రెండూ ఒకేలా ఉన్నాయి. తేడా మధ్యలో ఎక్కడో ఉంది. మళ్లీ చేశాం. ఈసారి పొద్దున తొమ్మిదిన్నరకు పెట్టి, భోజనం ముందు ఒకసారి, బడి విడిచే ముందు ఒకసారి చూశాం. సాయంత్రానికి మొదటి గ్లాసు పేరుకుంది. రెండోది ఇంకా పాలలాగే ఉంది. ఎప్పుడు చూశామన్నది ఎంత ముఖ్యమో ఆ పిల్లలకు ఇక మర్చిపోవడం కష్టం. నాకు కూడా.

ఇప్పుడు సబ్జెక్టుల మాట. గడియారం చూడటం, మధ్యలో ఎన్ని గంటలు గడిచాయో లెక్కపెట్టడం లెక్కల్లోకి వచ్చింది. తోడు, చేమిరి, మీగడ, మజ్జిగ, కవ్వం అనే మాటలు తెలుగులోకి వచ్చాయి. "మీ ఇంట్లో పెరుగు ఎలా తోడుపెడతారు?" అని ఇంటికి వెళ్లి అడిగి మూడు వాక్యాలు రాసుకుని వచ్చారు. చలికాలంలో గిన్నెను బియ్యం డబ్బాలో పెడతారని ఒక తాతగారు చెప్పారట. పాలలో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయని, తోడులోంచి వచ్చిన వాటికి వెచ్చదనం కావాలని, మరీ సలసల కాగే పాలలో అవి బతకవని నేను చెప్పాను. అది చూసి కనిపెట్టగలిగేది కాదు, అందుకే చెప్పాను. అది పరిసరాల విజ్ఞానం. బొమ్మలు గోడకు అంటించాం. ఏ సబ్జెక్టునూ బలవంతంగా లాక్కురాలేదు, ప్రశ్నే పిలుచుకొచ్చింది. దానితో కలవనివి, ఉదాహరణకు ఆ వారం నేర్పాల్సిన తీసివేతలు, విడిగా చెప్పాను.

అక్షరాలు, గుణింతాలు, ఎక్కాలు కూడా ఇలాగే నేర్పవచ్చా?

వద్దు. ఈ జవాబు గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. "క" అనే గుర్తుకు ఆ శబ్దం ఎందుకు వచ్చిందో ఏ పిల్లవాడూ తనంతట తాను కనిపెట్టలేడు. అది మనం చెప్పి, రాయించి, మళ్లీ మళ్లీ చదివించాల్సినది. గుణింతాలూ, ఒత్తులూ అంతే. 2006లో కిర్షనర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు రాసిన వ్యాసం చాలా చర్చ లేపింది. కొత్తగా నేర్చుకునే వాళ్లకు మార్గదర్శనం లేకుండా "కనుక్కో" అని వదిలేస్తే జ్ఞాపకానికి మోయలేని భారం పడుతుందని వాళ్లు వాదించారు. నా తరగతిలో చూసిన దాని బట్టి ఆ మాట నిజమే అనిపిస్తుంది. చదవలేని పిల్ల పెరుగు ప్రయోగంలో ఎంత ఉత్సాహంగా ఉన్నా, తను చూసింది రాయాల్సి వచ్చినప్పుడు వెనకబడుతుంది. 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి చివరికి పిల్లలందరికీ చదవడం, రాయడం, ప్రాథమిక లెక్కలు రావాలంటోంది. ఆ పని పొద్దున పూట నేరుగా చెప్పే పాఠంలోనే జరగాలి. అన్వేషణ ఆ చదువును వాడుకునే చోటు.

అయితే లెక్కల్లో అన్వేషణకు చోటు లేదా?

ఉంది. చింతగింజలు పన్నెండు ఇచ్చి, "వరసకు సమానంగా వచ్చేలా ఎన్ని రకాలుగా పేర్చగలరు?" అని అడగండి. రెండేసి, మూడేసి, నాలుగేసి, ఆరేసి. తర్వాత ఏడు గింజలివ్వండి. ఒక్కొక్కటిగానో, అన్నీ ఒకే వరసలోనో తప్ప ఇంకెలాగా కుదరదు. మా పిల్లలు వాటికి "ఒంటరి సంఖ్యలు" అని పేరు పెట్టారు. ప్రధాన సంఖ్యలు అనే మాట పెద్ద తరగతుల్లో వచ్చినప్పుడు ఈ ఒంటరి సంఖ్యలు గుర్తొస్తే చాలు.

గది పొడవును అడుగులతో కొలవమంటే ఒకరికి పన్నెండు, ఇంకొకరికి పదిహేను వస్తుంది. ఇద్దరిలో ఎవరు తప్పు? పది నిమిషాలు పోట్లాడుకున్నాక ఇద్దరి పాదాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. స్కేలు ఎందుకు కావాలో ఇక వేరే చెప్పక్కర్లేదు.

తెలుగు, సాంఘిక విషయాల్లో?

మూడో తరగతి వాళ్లతో ఊరి పేర్లు మొదలుపెట్టండి. ఆర్టీసీ బస్సు బోర్డుల మీద, ఇంట్లో చెప్పిన మాటల్లో దొరికిన పేర్లు పోగు చేయమనండి. పేరు చివర ఏముందో చూసి గుంపులు చేస్తారు: పల్లె, పాడు, పేట, పాలెం, గూడెం, వరం, వలస. ఎక్కువ ఏది, తక్కువ ఏది అని నేల మీద సుద్దముక్కతో గీతలు గీస్తారు. అది లెక్కలే. మా చుట్టుపక్కల పాలెంలు ఎక్కువ వచ్చాయి.

"ఎందుకు?" అని అడిగితే ఊళ్లో పెద్దలు రకరకాల కథలు చెబుతారు. ఇక్కడే నేను చాలా జాగ్రత్త తీసుకుంటాను. పిల్లలు వాటిని "మా తాతగారు చెప్పిన మాట" అని శీర్షిక పెట్టి రాస్తారు. ఇద్దరు తాతగార్లు రెండు రకాలుగా చెబితే రెండూ రాస్తారు. విన్నదాన్ని, చూసినదాన్ని వేరుగా ఉంచడం ఎనిమిదేళ్ల పిల్లలకు వచ్చేస్తుంది. ఫోన్లలో ఏది పడితే అది నమ్మేస్తున్న ఈ రోజుల్లో ఇంతకంటే అవసరమైన చదువు నాకు కనబడలేదు.

పిల్లలు తప్పు నిర్ణయానికి వస్తే?

వస్తారు. "బరువైనవి మునుగుతాయి, తేలికవి తేలుతాయి" అని మా పిల్లలు తేల్చేశారు. రాయి మునిగింది, ఆకు తేలింది కదా మరి. నేను తప్పని అనలేదు. మరునాడు పీచు తీయని కొబ్బరికాయ, ఒక చిన్న ఇనుప మేకు తెచ్చి బకెట్ పక్కన పెట్టాను. కొబ్బరికాయ తేలింది, మేకు మునిగింది. తరగతిలో గొడవే గొడవ. పూర్తి కారణం వాళ్లకు ఆ వయసులో రాదు, రానక్కర్లేదు కూడా. పాత జవాబు సరిపోదని తెలిస్తే చాలు.

అయితే అన్నింటినీ ఇలా వదలకూడదు. సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతున్నాడని నీడను చూసి అనుకుంటే, బకెట్‌తో దాన్ని సరిచేయలేం. చెప్పాలి. కరెంటు, మందులు, పాములు, బావి లాంటి విషయాల్లో అయితే ఆ క్షణంలోనే చెప్పాలి.

టీచర్‌కు జవాబు తెలియకపోతే పరువు పోదా?

పోదు. "నాకు తెలియదు, ఇద్దరం కనుక్కుందాం" అని మొదటిసారి అన్నప్పుడు నాకు కష్టంగానే అనిపించింది. తర్వాత పిల్లలే సాయంత్రం ఇంటి నుంచి జవాబులు మోసుకురావడం మొదలుపెట్టారు.

నోరు విప్పని పిల్లల సంగతి?

ప్రతి తరగతిలో నలుగురైదుగురే చేతులెత్తుతారు. మిగతావాళ్లు ఊరుకుంటారు. అందుకే ఊహను మాటలతో కాకుండా బొమ్మతో, లేదా గింజ వేసి చెప్పమంటాను. మూడు గ్లాసుల ముందు మూడు మూతలు పెట్టి, ఎవరికి ఏది నచ్చితే అందులో ఒక చింతగింజ వేయమంటే అందరూ వేస్తారు. మాట్లాడని పాప వేసిన గింజ కూడా లెక్కలోకి వస్తుంది. ఇంకో మాట: ప్రశ్న అడిగాక మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం మనకే భరించడం కష్టం, పిల్లలకు కాదు.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు, ఇంట్లో వేరే భాష ఉన్న పిల్లలకు?

ఆలోచించేటప్పుడు ఇంటి భాషలోనే మాట్లాడనివ్వండి. "ఎందుకంటే" తర్వాత వచ్చే వాక్యం పిల్లవాడికి బాగా వచ్చిన భాషలోనే పుడుతుంది. తేలిన విషయాన్ని తర్వాత రెండు చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పించవచ్చు. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉండటం దీనికి బాగా పనికొస్తుంది. ఏజెన్సీ బడుల్లో సవర, కువి, కోయ, కొండ భాషల పిల్లలకు మొక్కల పేర్లు, పురుగుల పేర్లు మనకంటే బాగా తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలోనే ఆ భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తయారయ్యాయి. అడవి గురించిన పాఠంలో ఆ పిల్లలు చెప్పేవాళ్లు కావాలి, మనం రాసుకునేవాళ్లం కావాలి.

ఒకే టీచర్, ఐదు తరగతులు. నా వల్ల అవుతుందా?

ఏకోపాధ్యాయ బడిలో నేనూ రెండేళ్లు పనిచేశాను. ఆ అలసట నాకు తెలుసు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం బహుళ తరగతుల కోసం కార్డులతో, మెట్లతో ఒక పద్ధతి తయారు చేసింది. పిల్లలు తమ మెట్టు దగ్గర తామే పని చేసుకుంటారు, టీచర్ అవసరమైన గుంపు దగ్గర కూర్చుంటారు. అంత ఏర్పాటు లేకపోయినా ఒక పని చేయవచ్చు. వారంలో ఒక గంట అన్ని తరగతులకూ ఒకే ప్రశ్న పెట్టండి. ఒకటో తరగతి వాళ్లు బొమ్మ వేస్తారు, మూడో తరగతి వాళ్లు రాస్తారు, ఐదో తరగతి వాళ్లు కొలిచి పట్టిక వేస్తారు. బహుళ తరగతుల గది అన్వేషణకు అడ్డు కాదనిపించింది నాకు, పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చూపించడం అక్కడే బాగా కుదురుతుంది.

సిలబస్ పూర్తవుతుందా?

చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతికి ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. వారానికి ఒక గంట చొప్పున తీసినా సుమారు 40 గంటలు. ఆ గంట కూడా పాఠంలోని అంశం మీదే కదా.

మార్కులు ఎలా వేయాలి?

నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే పాఠాలు జరుగుతుండగానే పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో చూసే అంచనాలో, చోటు ఉంది. నేను ఒక పాత నోట్‌బుక్‌లో పిల్ల పేరు, తేదీ, ఆ రోజు తను అన్న ఒక్క వాక్యం రాసుకుంటాను. జూన్‌లో "పెరుగు ప్యాకెట్‌లోంచి వస్తుంది" అన్న పిల్ల జనవరిలో "ఇంకోసారి చేసి చూద్దాం టీచర్, ఒక్కసారికే చెప్పలేం" అంటే, అది చదివి వినిపిస్తే తల్లిదండ్రుల మీటింగ్‌లో వేరే ప్రోగ్రెస్ కార్డు అక్కర్లేదు.

"మేడమ్, మా వాడు బడిలో ఆడుకుంటున్నాడంట, చదువు ఎప్పుడు చెబుతారు?"

ఈ టెన్షన్ సహజం. పక్క ప్రైవేట్ బడి పిల్లాడు నోట్‌బుక్ నిండా రాసుకుని వస్తుంటే ఏ తల్లికైనా ఆందోళన కలుగుతుంది. అలా అడిగిన అమ్మను తరగతిలోకి పిలుస్తాను. ముందు పిల్లవాడి చేత తెలుగు పాఠం చదివిస్తాను, ఎందుకంటే ఆమె మొదటి భయం అదే, అది న్యాయమైన భయం. తర్వాత గోడ మీది బొమ్మ చూపించి "ఇదేంట్రా?" అని వాడినే అడగమంటాను. చాలాసార్లు ఆ తల్లి అరగంట అక్కడే ఉండిపోయింది.

ఇంట్లో చేయగలిగింది చాలా తేలిక. పిల్లలు ఏదైనా అడిగితే వెంటనే ఫోన్‌లో వెతక్కుండా "నీకేమనిపిస్తోంది?" అని ఒక్కసారి అడగండి. వంటింట్లో, పొలంలో, కొట్లో మీ పని చూడనివ్వండి. ఇడ్లీ పిండి పొంగడం, ఉప్పు కరగడం, తూకం రాళ్లు, ఇవన్నీ పాఠాలే.

సామాన్లకు ఎంత ఖర్చవుతుంది?

గ్లాసులు, గింజలు, దారం, సుద్దముక్కలు, నీళ్లు, ఎండ. మా తరగతిలో ఏడాది మొత్తం మీద కొన్న వస్తువు ఒక్కటే, చిన్న భూతద్దం.

రేపే మొదలుపెట్టాలంటే?

ఒక ఖాళీ చార్టు గోడకు అంటించి "మా ప్రశ్నలు" అని పైన రాయండి. పిల్లలు అడిగిన ప్రతి ప్రశ్ననూ వాళ్ల మాటల్లోనే, పక్కన వాళ్ల పేరుతో రాయండి. మొదటి వారం జవాబు చెప్పకండి. రెండో వారం అందులోంచి చేతికందే ప్రశ్న ఒకటి తీసుకోండి. మా చార్టులో ఈ వారం చివరి ప్రశ్న ఒకటో తరగతి పాపది: "వాన ఆగిపోయాక నీళ్లు ఎక్కడికి పోతాయి?" బడి ఆవరణలో నీటి గుంట చుట్టూ సుద్దముక్కతో గీత గీసి ఉంచాం. గంటకోసారి వెళ్లి చూస్తున్నాం.